15 సీట్లు, 31 శాతం - 1955 ఎన్నికలూ మన సాహిత్య చరిత్రా

"1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ ఓడిపోవడంతో అభ్యుదయ సాహిత్యోద్యమం స్తబ్ధతకు లోనైంది."

తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు ఆధునిక సాహిత్యం బోధించిన ఇరవై ఆరేళ్లలో ఈ వాక్యం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నాకు మా గురువులు చెప్పారు, నేను మా విద్యార్థులకు చెప్పాను. వాళ్లు పరీక్షల్లో రాశారు, నేను మార్కులు వేశాను. 1998లో ఒక విద్యార్థిని లేచి, "ఎంత తేడాతో ఓడిపోయింది సార్?" అని అడిగింది. "15 సీట్లే వచ్చాయమ్మా" అన్నాను. "ఓట్లెన్ని వచ్చాయి సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నాకు తెలిసివచ్చిన విషయాలు సాహిత్య విద్యార్థులు ఈనాటికీ చర్చించవలసినవేనన్న నమ్మకంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఆ అమ్మాయికి చెప్పిన జవాబు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో మొత్తం 196 స్థానాలు. కాంగ్రెస్‌కు 119, దానితో జత కట్టిన కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, వెరసి 146. కమ్యూనిస్టులకు 15. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పోలైన ఓట్లలో కాంగ్రెస్‌కు వచ్చినవి 39 శాతం పైచిలుకు. కమ్యూనిస్టులకు వచ్చినవి 31 శాతం. పది ఓట్లలో మూడు ఓట్లకు మించి వచ్చిన పార్టీకి పదమూడు స్థానాలకు ఒకటి చొప్పున దక్కింది. అంతేకాదు, 1952లో 41 సీట్లు గెలిచినప్పుడు ఆంధ్ర జిల్లాల్లో వచ్చిన ఓట్ల కంటే 15 సీట్లతో ఓడిపోయినప్పుడు వచ్చిన ఓట్లే ఎక్కువ. రెండోసారి ఎక్కువ చోట్ల పోటీ చేశారు గనుక ఆ పెరుగుదలలో కొంత భాగాన్ని కొట్టివేయవచ్చు. కొట్టివేసినా, ప్రజలు పార్టీని వదిలి వెళ్లిపోయారనే మాట మాత్రం నిలవదు.

అయితే ఓడిపోయింది ఏమిటి? ఓట్లు తగ్గకుండా ఓటమి ఎలా సంభవించింది? దీనికి సమాధానం ఎన్నికల ఫలితాల్లో కంటే ఎన్నికలకు ముందు పార్టీ వేసుకున్న అంచనాల్లో ఉంది.

1952 నాటి పరిస్థితిని జ్ఞాపకం చేసుకోవాలి. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 375 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. ఆంధ్ర జిల్లాల 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41, కాంగ్రెస్ 40. పలువురు కాంగ్రెస్ మంత్రులు మట్టికరిచారు. జైలు నుంచే పోటీ చేసిన తరిమెల నాగిరెడ్డి అనంతపురంలో తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. సాహిత్య విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటుంది: విజయవాడ నుంచి లోక్‌సభకు కమ్యూనిస్టుల బలంతో గెలిచి వెళ్లినవాడు ఒక కవి, హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. కవి అన్నవాణ్ణి పార్లమెంటుకు పంపిన నేల మనది.

ఆ గెలుపు వెనుక నెత్తురుంది. 1948 నుంచి సాగిన నిర్బంధకాండ, మలబారు పోలీసుల దౌర్జన్యాలు, 1949లో కృష్ణా జిల్లా కాటూరు, యలమర్రు గ్రామాల ప్రజలకు జరిగిన అవమానం జనం మరచిపోలేదు. మద్రాసు నుంచి విడిపోవాలన్న ఆకాంక్షకూ, విశాలాంధ్ర నినాదానికీ పార్టీ ముందు వరసలో నిలబడింది. వీటిని తక్కువ చేసి చెప్పడం చరిత్రకు అపచారం. కానీ మరొక కారణాన్ని మనవాళ్లు తక్కువ చేసి చెప్పారు. 1952లో కాంగ్రెస్ ముక్కలుగా ఉంది. ప్రకాశం పంతులుగారు బయటికి పోయి వేరు పార్టీలో ఉన్నారు. రంగాగారు కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ఒకే ఊళ్లో, ఒకే కులంలో, ఒక్కొక్కచోట ఒకే ఇంట్లో కాంగ్రెస్ ఓటు మూడు పెట్టెల్లో పడింది. పెట్టెలు అన్నది అలంకారానికి కాదు. ఆనాటి పద్ధతిలో ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు చీటీ మీద ముద్ర వేయడు, తనకు కావలసిన పెట్టెలో చీటీ వేస్తాడు. (కంకి కొడవలి పెట్టె పక్కనే జోడెద్దుల పెట్టె. రైతు రెండింటి ముందూ నిలబడి తన పనిముట్లలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవాలి!) ఎదుటివాడి ఓటు మూడు పెట్టెల్లో పడినప్పుడు మన ఒక్క పెట్టె నిండుగా కనబడుతుంది. ఆ నిండుతనం అంతా మనదేనని పార్టీ అనుకుంది.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణం తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1952లో కమ్యూనిస్టులతో కలిసి రాజాజీకి వ్యతిరేకంగా ఐక్య సంఘటనకు నాయకుడైన ప్రకాశంగారే ఇప్పుడు కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. విడిపోయినవాళ్లు తిరిగి కలుస్తారనడానికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? ఆ హెచ్చరికను మనవాళ్లు ద్రోహంగా చూశారే తప్ప సూచనగా చూడలేదు. ద్రోహం అని పేరు పెట్టినప్పుడు కోపం వస్తుంది. ఎదుటి పక్షం ఎత్తు ఏమిటో మాత్రం బోధపడదు.

రాజధాని తగాదా మరో దెబ్బ. 1937 శ్రీబాగ్ ఒడంబడికను చూపి రాయలసీమవారు కర్నూలు కోరారు. కమ్యూనిస్టులు విజయవాడ, గుంటూరు ప్రాంతాన్ని సమర్థించారు. కారణాలు ఏవైనా కావచ్చు, సీమలో పార్టీ 'డెల్టా పార్టీ' అన్న ముద్ర వేసుకుంది.

ఇక 1954 నవంబరు. మద్యపాన నిషేధం వల్ల గీత కార్మికుల బతుకు తెరువు పోయింది. కృషికార్ లోక్ పార్టీకి చెందిన గౌతు లచ్చన్న వారి పక్షాన సత్యాగ్రహం నడిపారు. నిషేధ విధానం మీద శాసనసభలో అవిశ్వాసం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది. రాష్ట్రపతి పాలన, ఆ వెనుక ఎన్నికల ప్రకటన. సభలో ప్రభుత్వాన్ని పడగొట్టిన బలాన్ని చూసి కమ్యూనిస్టు శ్రేణులు ఉప్పొంగిపోయాయి. ఇక మన ప్రభుత్వమే అన్నారు. దేశవిదేశాల పత్రికలు కూడా భారతదేశంలో మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఆంధ్రలో రాబోతున్నదేమోనని చర్చించాయి. స్థానాల్లో అత్యధిక భాగానికి పార్టీ తన అభ్యర్థులనే నిలబెట్టింది.

ఇక్కడే అసలు పొరపాటు ఉందని నా అభిప్రాయం. గీత కార్మికుల సమస్య మీద సభలో వచ్చిన ఓట్లన్నీ కమ్యూనిస్టు ఓట్లు కావు. ఆ సమస్య మీద ఉద్యమం నడిపిన కృషికార్ లోక్ పార్టీయే మూడు నెలలు తిరక్కుండా కాంగ్రెస్‌తో ఐక్య సంఘటనలో చేరింది. బొంబాయి నుంచి వచ్చిన ఎస్.కె. పాటిల్ ఇక్కడ మకాం వేసి, తగువులాడుకుంటున్న నాయకులను ఒక తాటి మీదికి తెచ్చారు. కమ్యూనిస్టు అభ్యర్థి ఎదుట తమలో ఒక్కడే నిలబడాలన్నది వాళ్ల సూత్రం. "ప్రభుత్వం మాదే" అని మనం ఎంత గట్టిగా అరిస్తే, ఎదుటివాళ్లు అంత తొందరగా ఒక్కటయ్యారు. ఎన్నిక భూమి మీద, పన్నుల మీద, నందికొండ ప్రాజెక్టు మీద జరగవలసింది. అది "కమ్యూనిస్టులు రావాలా, వద్దా" అన్న ఒక్క ప్రశ్న మీద జరిగింది. ఆ ప్రశ్నను ఎదుటివాళ్ల కంటే ముందు మనమే వేశాం.

మా పెదనాన్న ఆ రోజుల్లో ఒక బుర్రకథ దళంలో వంత. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం, రెండో పక్క రాజకీయం ఉంటాయి గదా. ఆయనది రాజకీయం. కథ మధ్యలో ఆగి నాటి ధరవరల గురించీ, నాయకుల గురించీ చురకలు వేయడం ఆయన పని. నేను వెళ్లి అడిగేనాటికి ఆయనకు డెబ్బై దాటాయి. తేడా ఏమిటి పెదనాన్నా అంటే ఇలా చెప్పారు: "యాభై రెండులో కథ అయ్యాక జనం మా చుట్టూ చేరి జైళ్ల గురించి అడిగేవాళ్లురా. ఎన్నాళ్లున్నారు, ఎట్లా కొట్టారు అని. కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. యాభై ఐదులో అదే జనం, అదే అరుగు. మీరొస్తే మాకు ఎన్ని ఎకరాలు ఉంచుతారు అని అడిగారు. అయిదెకరాల వాడూ అదే అడిగాడు. నీ భూమి జోలికి ఎవరూ రారయ్యా అని చెప్పాం. నమ్మినట్టు తల ఊపి లేచిపోయేవాడు." అయిదెకరాల రైతును భయపెట్టింది కాంగ్రెస్ ప్రచారమే. నిజమే. కానీ ఆ భయానికి జవాబు మా పెదనాన్న నోటికి కంఠతా రాలేదంటే, అది ఆయన తప్పు కాదు. ప్రతిపక్షంగా ఉన్నప్పుడు జనం మన త్యాగాలు అడిగారు. ప్రభుత్వం మాదేనన్నప్పుడు లెక్కలు అడిగారు. మన కళారూపాలన్నీ త్యాగాలు చెప్పడానికి తయారైనవి.

రచయితలకు సంబంధించిన కీలకం ఇదేనని నాకు తోస్తుంది. 'మా భూమి' నాటకం నుంచి నాజర్ బుర్రకథల వరకూ మన సాహిత్యం దోపిడీని చూపింది, తిరుగుబాటును పాడింది. తిరుగుబాటు చేసినవాడు తెల్లవారి రాజ్యం ఎలా నడుపుతాడన్న సంశయం సన్నకారు రైతు మనసులో ఉంటే, ఆ సంశయాన్ని పట్టుకున్న కథగానీ పాటగానీ ఆ ఎన్నికల ముందు నాకు కనిపించలేదు. అది పార్టీ కార్యక్రమానికి సంబంధించిన విషయం, రచయితకేమిటి సంబంధం అనవచ్చు. నిజానికి అది రచయితే ముందు వినవలసిన మాట. అరుగు మీద కూర్చున్నవాడు పార్టీ కార్యదర్శికి చెప్పని మాట వంతగాడికి చెప్పాడు.

ప్రావ్దా సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. 1955 జనవరిలో ఆవడి కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజం తమ లక్ష్యమని తీర్మానించింది. అంతకుముందు ఏడాదే నెహ్రూ చైనా వెళ్లి వచ్చారు, పంచశీల ప్రకటన వెలువడింది. సరిగ్గా ఎన్నికల ముందు, గణతంత్ర దినోత్సవ సందర్భంలో, మాస్కో నుంచి ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వ విధానాలను మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వారు దాన్ని అచ్చు వేసి ఊరూరా పంచారు. మా పెదనాన్న మాటల్లో చెప్పాలంటే, మా ఊళ్లో చాలామంది ప్రావ్దా పేరు మొదటిసారి విన్నది కాంగ్రెస్ వాళ్ల నోటనే. ఆనాడు అంతర్జాతీయ శాంతి ఉద్యమానికి నెహ్రూ విదేశాంగ విధానం అవసరం. ఆంధ్ర పార్టీకి నెహ్రూ పార్టీని ఓడించడం అవసరం. ఈ రెండు అవసరాలు ఎదురుపడినప్పుడు ఏం చెప్పాలో కింది కార్యకర్తకు ఎవరూ నేర్పలేదు. నెహ్రూ ప్రభుత్వం పట్ల వైఖరి ఎలా ఉండాలన్న వివాదం 1956 పాల్ఘాట్ మహాసభలోనూ నలిగింది. 1964లో పార్టీ రెండుగా చీలడానికి గల కారణాల్లో అదీ ఒకటి.

కులం గురించి కూడా ఒక మాట. అమెరికన్ పండితుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల మీద రాసిన వ్యాసంలో మొత్తం వ్యవహారాన్ని కమ్మ, రెడ్డి వైరంగా కుదించాడు. మనవాళ్లు దాన్ని సామ్రాజ్యవాద కుట్రగా కొట్టిపారేశారు. కూలీ పోరాటాలనూ, జైళ్లనూ, ఆ 31 శాతాన్నీ కులంతో వివరించలేమన్నది స్పష్టం. కానీ కమ్యూనిస్టు అభ్యర్థికి ఎదురుగా అదే కులం అభ్యర్థిని నిలబెట్టి కాంగ్రెస్ ఓట్లు చీల్చిందన్న పరిశీలనను కొట్టిపారేయడం మనకు మేలు చేయలేదు. శత్రువు చెప్పిన మాటలో నిజం ఉంటే అది శత్రువుది కాదు గదా, నిజమే.

సంఘటనల గణితం ఎంత బలమైనదో తెలుసుకోవాలంటే కేరళ చూడాలి. 1957లో అక్కడ కమ్యూనిస్టులకు 35 శాతం ఓట్లు వచ్చాయి, 126లో 60 స్థానాలు గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ప్రత్యర్థులు అప్పుడు విడివిడిగా ఉన్నారు. 1960లో ఓట్లు 39 శాతానికి పెరిగాయి, సీట్లు 29కి పడిపోయాయి. ప్రత్యర్థులు కలిశారు. ఆంధ్రకూ కేరళకూ మధ్య ఓట్లలో తేడా నాలుగు శాతమే. ఇది చూశాక మా తరం బోధించిన 'స్తబ్ధత' వాక్యం నాకు వింతగా కనబడింది. 35 శాతానికి విజయమనీ, 31 శాతానికి ఒక సాహిత్యోద్యమం కుప్పకూలేంత పరాజయమనీ ఏ కొలబద్ద ప్రకారం అన్నాం? 1952లో సీట్లు చూసి మన బలాన్ని పెంచి చూసుకున్నాం. 1955లో అవే సీట్లు చూసి ఉన్న బలాన్నీ పోగొట్టుకున్నాం.

పోగొట్టుకున్న మాట వాస్తవం. దాన్ని కాదనను. ఊరూరా ప్రచారం చేసిన శ్రీశ్రీ ఎన్నికల తరువాత తీవ్రమైన అస్వస్థతకు లోనయ్యారు. ఆంధ్రప్రభ వంటి పెద్ద పత్రికలు ఒక పక్క, విశాలాంధ్ర ఒక పక్క మోహరించగా, నిన్నటిదాకా ఒకే వేదిక మీద కూర్చున్న రచయితలు ముఖాలు తిప్పుకున్నారు. 1943లో తెనాలిలో పుట్టిన సంఘం నిద్రాణమైంది, మళ్లీ లేవడానికి 1973 దాకా పట్టింది. కొందరు మద్రాసు సినిమాల్లో కుదురుకున్నారు. అయితే సంఘం నిద్రపోవడం వేరు, సాహిత్యం నిద్రపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా బోధించడం నా తప్పు.

ఉదాహరణకు ఒక్కటి చాలు. ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టిన మద్యపాన నిషేధం సంగతి ఏమైంది? ఎన్నికల సభల్లో నాలుగు వారాలు నలిగి, ఫలితాలు వచ్చాక రాజకీయుల నోళ్ల నుంచి జారిపోయింది. నిషేధం మాత్రం పోలేదు. అది పోలీసు స్టేషన్లలోకీ, మేజిస్ట్రేటు కోర్టుల్లోకీ, దొంగ సారా అమ్ముకుని పొట్టపోసుకునే పేదల గుడిసెల్లోకీ దిగబడింది. విశాఖపట్నం కోర్టుల్లో నల్లకోటు వేసుకుని ఆ మనుషులను రోజూ చూసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 1960ల మొదట్లో 'ఆరు సారా కథలు' వెలువరించారు. చట్టం ఎవరిదో, శిక్ష ఎవరికో ఆ కథల్లో ఉంది. 1954 నవంబరులో శాసనసభ ఒక్క ఓటు తేడాతో తేల్చలేకపోయిన విషయాన్ని రావిశాస్త్రి తేల్చారు. ఆ తరువాత కొద్ది కాలానికే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' వచ్చింది. అందులో అప్పు, భూమి, పంచాయితీ ఉన్నాయి. పెదనాన్న అరుగు మీద విన్న ఎకరాల లెక్క అందులో ఎంత భయంకరమైన రూపం ఎత్తిందో చదివినవారికి తెలుసు. ఇవి స్తబ్ధ కాలపు రచనలా? ఈ కథల్లో గెలుపు నినాదం లేదు గనుక మన విమర్శకులకు చాలాకాలం ఇవి ఉద్యమ సాహిత్యంగా కనబడలేదు. ప్రభుత్వం రేపు మనదే అన్న ధీమా పోయాకనే రచయిత కోర్టు వరండాలో నిలబడి నిదానంగా చూడగలిగాడేమో. ఓటమి సాహిత్యానికి మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఓడిపోయింది ఒక ఎన్నికల అంచనా. దానితో పాటు మన చూపు కూడా ఓడిపోయిందని అనుకోవడానికి ఆధారాలు లేవంటున్నాను, అంతే.

నాలుగు నెలల తరువాత క్లాసులో ఈ లెక్కలన్నీ బోర్డు మీద వేశాను. ప్రశ్న వేసిన అమ్మాయి రాసుకుని, "అయితే పరీక్షలో ఏం రాయమంటారు సార్?" అంది. నీకు తోచింది రాయి, పేపరు నేనే దిద్దుతాను అన్నాను.

పెదనాన్న పోయేముందు తన దళం నోటు పుస్తకాలు రెండు నాకు ఇచ్చారు. ఒకదాంట్లో కథల వచనం, రెండోదాంట్లో 'రాజకీయం' భాగం - ఏ ఊళ్లో ఏ చురక వేయాలో, ఎవరి పేరు ఎత్తకూడదో, అన్నీ పెన్సిలుతో. 1955 జనవరి దాకా తేదీలు వరసగా ఉన్నాయి. ఆ తరువాత ఏడెనిమిది కాగితాలు చింపేసి ఉన్నాయి. పోలీసుల భయమా పెదనాన్నా అని అడిగాను.

"కాదురా అబ్బాయ్," అన్నారాయన. "అవి గెలిచాక పాడదామని ముందుగా రాసుకున్నవి."